ఐదో నంబరు బుట్ట

మా కాశీరావు మావయ్య కూర్చోడు.

కూర్చోలేక కాదు. మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి, నడుం నాకన్నా నిటారుగా ఉంది. డెబ్భైకి దగ్గర పడుతున్న మనిషి, ఇంటినిండా సోఫాలున్న మనిషి, కూర్చోడంతే. కాఫీ నుంచుని తాగుతాడు. పేపరు హాల్లో అటూ ఇటూ తిరుగుతూ చదువుతాడు. టీవీలో క్రికెట్ వస్తుంటే ఓవరుకీ ఓవరుకీ మధ్య వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీదున్న కూర ఒకసారి కలిపి వస్తాడు. మా పెద్దింట్లమ్మ అత్తయ్య కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఒక్కసారి కూడా కూర అడుగంటలేదంటే అందులో ఆవిడ గొప్పేమీ లేదు.

సెలూన్‌లో కూడా ఇదే గొడవ. "బాబ్బాబు, కూర్చోండి. కత్తెర అందట్లేదు" అని క్రాపు చేసే డేనియల్ ఒకసారి ఎంత బతిమాలినా వినలేదు.

"నువ్వు నుంచునే కదా చేస్తున్నావు? నీకు లేని కుర్చీ నాకెందుకు?" అన్నాడు మావయ్య.

పైగా మధ్యలో రెండుసార్లు వీధిలోకి వెళ్ళి వచ్చాడు. ఆ నెలంతా ఆయన క్రాపు వెనక ఒకలాగా ముందు ఒకలాగా ఉండేది. ఎవరైనా అడిగితే కొత్త ఫ్యాషనని చెప్పేవాడు.

తను కూర్చోకపోతే పోనీ అనుకోవచ్చు. ఎదుటివాణ్ణి కూడా కూర్చోనివ్వడు. అదీ అసలు బాధ. ఎవరైనా కాస్త వెనక్కి వాలి సుఖంగా కనపడితే చాలు, ఆయనకి ఒంటి మీద చీమలు పాకినట్టుంటుంది. దగ్గరికొచ్చి, కొంప మునిగే సంగతేదో తెచ్చినట్టు మొహం పెట్టి, గొంతు తగ్గించి, "ఒకసారి లే, చెప్తా" అంటాడు.

లేస్తాం.

"ఏంటి మావయ్యా?"

"ఏం లేదు. లేచావుగా."

అంతే. తన దారిన తను పోతాడు.

మా చుట్టాల్లో దీనికి బలికాని వాళ్ళు లేరు. మా చెల్లెలు సత్యశ్రీ పెళ్ళిలో ఆయన ఏకంగా పీటల మీదున్న పెళ్ళికొడుకు దగ్గరికే వెళ్ళాడు. కొత్త సంబంధం, పెద్దాయన మాట తీసెయ్యడం ఎందుకని ఆ అబ్బాయి చటుక్కున లేచి నిలబడ్డాడు. అది చూసి పురోహితుడు మంత్రం ఆపాడు. మంత్రం ఆగింది కదా అని భజంత్రీలు గట్టిమేళం అందుకున్నారు. మేళం మోగింది కదా అని జనం అక్షింతలు వేసేశారు. తాళి మాత్రం ఇంకా పళ్ళెంలోనే ఉంది. అక్షింతలు ఏరి మళ్ళీ పంచడానికి మనుషుల్ని పెట్టాల్సి వచ్చింది.

ఇక నా సంగతి. నేను ఆయన మేనల్లుణ్ణి, పేరు గంగాధర్, బెంజ్ సర్కిల్ దగ్గర ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. కూర్చుని మాట్లాడటం నా ఉద్యోగం, కూర్చుని మాట్లాడకుండా ఉండటం నా సరదా. నన్ను దేవుడు కుర్చీ కోసమే పుట్టించాడు. పుట్టించినవాడు ఊరుకోక తీసుకొచ్చి మావయ్య ఎదురింట్లో అద్దెకి పెట్టాడు. తెల్లవారకుండానే నా ఫోను మోగుతుంది.

"లేచావా?"

"లేదు మావయ్యా."

"లే, చెప్తా."

ఆయన పుట్టింది కొల్లేటి లంకలో. మీసం రాకముందే దోనె కొసన నిలబడి విసురు వల విసిరాడు. తర్వాత విజయవాడ వచ్చి చేపల హోల్‌సేలు పెట్టాడు. ఐసు పెట్టెలు, లారీలు, హడావుడి. ఆయన కాళ్ళకి తగిన వ్యాపారం. ఇప్పుడు అదంతా కొడుకు గంగాప్రసాద్ చూసుకుంటున్నాడు. "నాన్నా, మీకు దణ్ణం పెడతాను, షాపుకి రావద్దు. గుమాస్తాలు కూర్చోలేక మానేస్తున్నారు" అని వాడు మొత్తుకున్నాక ఆయన చూపు మా పేట పార్కు మీద పడింది.

ఆ పార్కు కాలువ గట్టున ఉంటుంది. అందులో ఒక వింత ఉంది. దాని పేరు డిస్క్ గోల్ఫ్. గోల్ఫు మీకు తెలుసు కదా, కర్రతో బంతిని కొట్టి గుంటలో వెయ్యాలి. ఇందులో కర్ర లేదు, బంతి లేదు, గుంట లేదు. సిమెంటు అరుగు మీద నిలబడి పళ్ళెంలాంటి ప్లాస్టిక్ చక్రాన్ని చేత్తో విసరాలి. ఎదురుగా ఇనప స్తంభానికి ఒక బుట్ట, దానిపైన గొలుసులు వేలాడుతుంటాయి. పళ్ళెం గొలుసులకి తగిలి బుట్టలో పడాలి. ఇలాంటివి తొమ్మిది. ఎన్ని తక్కువ విసుర్లలో పూర్తి చేస్తే అంత గొప్ప.

ఎవరో పై అధికారి ఎక్కడో చూసొచ్చి మనకీ పెట్టమన్నారట. కాగితం మీద బొమ్మ బాగానే గీశారట. కానీ పని తీసుకున్న కాంట్రాక్టరు భక్తిపరుడు. వాస్తు చూపించకుండా గోడకి మేకు కూడా కొట్టడు. ఆయన పిలిపించిన వాస్తు పండితుడు బొమ్మ చూసి, "ఈశాన్యంలో ఇంత ఇనుమా!" అని గుండె పట్టుకున్నాడు.

అంతే, బుట్టలు బయల్దేరాయి. ఈశాన్యంలో ఉండాల్సిన ఒకటో బుట్ట నైరుతికి చేరింది. మూడోది మరుగుదొడ్ల వెనక్కి పోయింది. ఆరోదానికి సరిగ్గా ముందు వేపచెట్టు వచ్చింది. చెట్టు కొట్టకూడదు, బుట్ట జరపకూడదు కాబట్టి రెండూ అలాగే ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయి. ఏడోది కాలువ అంచున నిలబడింది. దాని గురి తప్పితే పళ్ళెం నీళ్ళలో పడి తిన్నగా బందరు పోతుంది. మరి విసిరే అరుగులు? అవి బొమ్మ ప్రకారం అప్పటికే పోసేశారు. సిమెంటు ఎండిపోయింది కాబట్టి వాటి జోలికి ఎవరూ వెళ్ళలేదు. అరుగులు ఒక శాస్త్రం ప్రకారం, బుట్టలు ఇంకో శాస్త్రం ప్రకారం ఉండిపోయాయి.

ప్రారంభోత్సవం రోజున ఒకటో బుట్టకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి కొబ్బరికాయ కొట్టారు. అప్పట్నుంచీ వాకింగుకి వచ్చే ఆడవాళ్ళు దానికి దణ్ణం పెట్టుకుని మరీ నడక మొదలుపెడతారు. మిగిలిన వాటికి ఆ యోగం లేదు. ఒకదాంట్లో అరటితొక్కలు, ఒకదాని మీద తోటమాలి తువ్వాలు. ఆట మాత్రం ఎవరూ ఆడలేదు.

మావయ్య ఒక్క రోజు ట్రాక్ మీద నడిచి విసుక్కున్నాడు. "ఒరేయ్ గంగాధరం, బయల్దేరిన చోటికే రావడానికి బయల్దేరడం ఏంట్రా? దీనికన్నా ఇంట్లో పచార్లు నయం. అదిగో, ఆ బుట్టల సంగతేంటో చూడు."

ఫోన్లో వీడియోలు చూశాడు, నడుస్తూనే. పళ్ళేలు తెప్పించాడు. అవి పెట్టుకునే సంచీ నా భుజానికి తగిలించాడు. ఆ విధంగా నేను పొద్దున్నే నిద్రమొహంతో పళ్ళేలు మోసేవాణ్ణయ్యాను.

మొదటి రోజు ఒకటో బుట్ట దగ్గరే చిక్కొచ్చింది. మావయ్య చెయ్యి ఎత్తేసరికి వాకింగు సంఘం అధ్యక్షురాలు రావమ్మ గారు అడ్డొచ్చారు. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఇప్పటికీ మా అందర్నీ ఆరో తరగతి పిల్లల్లాగే చూస్తారు.

"ఏవండీ, అమ్మవారి మీదకి పళ్ళెం విసురుతారా? కళ్ళు పోతాయి!"

"విసరట్లేదమ్మా. సమర్పిస్తున్నా" అన్నాడు మావయ్య, చెప్పులు విప్పి.

మూడో అరుగు మీంచి బుట్ట కనపడదు, మరుగుదొడ్లే కనపడతాయి. అంచనాగా విసిరాడు. కాసేపటికి ఒకాయన పళ్ళెం చేత్తో పట్టుకుని బయటికొచ్చి, "లోపల మనుషులుంటారండీ" అన్నాడు. మావయ్య రెండు చేతులూ జోడించి, "కోర్సు తప్పండీ. వాస్తు చూసి పెట్టారు" అన్నాడు. ఆ తర్వాత పార్కులో ఎవరి మీద పడినా, ఎవరి టీలో పడినా అదే మాట. కోర్సు తప్పండీ.

అన్నిటికన్నా దరిద్రమైంది ఐదో నంబరు. అరుగుకీ బుట్టకీ మధ్య ముందు వాకింగు ట్రాక్ అడ్డం. తర్వాత ఒక సిమెంటు బల్ల. బల్ల దాటాక కొంత ఖాళీ, ఆ తర్వాత కానుగచెట్టు, దాని వెనక బుట్ట. ఆ బల్ల మీద రోజూ బసవపున్నయ్య గారు కూర్చునేవారు.

ఆయనది పామర్రు దగ్గర రైతు కుటుంబం. సర్వే శాఖలో చేసి రిటైరయ్యారు. కిందటేడు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ చాలావరకు తిరిగొచ్చాయి గానీ, నడవాలన్న మనసు తిరిగి రాలేదు. భార్య సుబ్బరత్నం గారు రోజూ ఆటోలో తీసుకొచ్చి గేటు దగ్గర దింపి, చెయ్యి పట్టుకుని ఆ బల్ల దాకా నడిపించేవారు. అక్కణ్ణుంచి ఒక్క అంగుళం కదిలేవారు కాదు.

"ఆ కానుగచెట్టు దాకా రండి. డాక్టరు గారు నడవమన్నారుగా" అనేవారు ఆవిడ.

"చెట్టు దగ్గర నాకేం పని? పని లేకుండా అడుగేసే అలవాటు నాకు లేదు."

ఆవిడ ఇంకేం అనలేక ఒక్కరే ట్రాక్ మీద ఒక రౌండు నడిచి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ వచ్చేవారు. అది మావయ్య కంట్లో పడింది. కూర్చున్న మనిషిని చూస్తేనే ఆయనకి కాలు నిలవదు కదా. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి తన అస్త్రం తీశాడు.

"ఏవండీ, ఒకసారి లేవండి, చెప్తా."

బసవపున్నయ్య గారు తలెత్తి, తాపీగా, "అక్కణ్ణుంచే చెప్పండి. వినపడుతోంది" అన్నారు.

ఆ మాట పనిచెయ్యకపోవడం మావయ్య జీవితంలో అదే మొదటిసారి. ఆ పూట ఇంక ఆడలేదు. ఇంటికొచ్చేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అదొక్కటే నేను ఆ నెలలో సుఖంగా నడిచిన నడక.

మర్నాటి నుంచి ఐదో నంబరు దగ్గర మావయ్య విసిరిన ప్రతి పళ్ళెమూ గురి తప్పడం మొదలుపెట్టింది.

మొదటిది బసవపున్నయ్య గారి చెప్పుల మీద పడింది.

"ఏవండీ! కళ్ళు కనపడట్లేదా?"

"కోర్సు తప్పండీ. కాస్త అందిస్తారా?"

"నేను మీ నౌకర్నా?" అంటూ ఆయన దాన్ని చేతికర్రతో ఒక్క తోపు తోశారు.

తర్వాత పళ్ళెం కర్రకి అందనంత దూరంలో పడింది. తిట్టుకుంటూ బల్ల చివరికి జరిగి, వంగి తీసి విసిరారు. ఆయన కుడిచేతి విసురుకి అది ఆయన కాళ్ళ దగ్గరే పడి, ఆయన కోపం రెండింతలైంది. ఆ తర్వాత లేచి నిలబడితే గానీ అందని చోట పడింది. లేచారు. పైగా కూర్చుని తిడితే మావయ్యకి వినపడేది కాదు.

"ఆఁ? ఏవన్నారు? ఇటు రండి, వినపడట్లా!"

ఆయన నాలుగడుగులు ముందుకేసి మళ్ళీ మొదట్నుంచీ తిట్టేవారు. మావయ్య అంతా శ్రద్ధగా విని, "ఇందాక మధ్యలో ఒకటన్నారు, అది సరిగ్గా వినపడలేదు" అనేవాడు. పార్కంతా తమాషా చూసేది. నేను మటుకు సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. వాలిన కొంగ మీద వల వెయ్యగలనని గొప్పలు చెప్పుకునే మనిషి రోజూ ఒక రోగిష్టి మనిషి చుట్టూ పళ్ళేలు పారబోస్తుంటే ఎవరికి ముచ్చటగా ఉంటుంది?

సుబ్బరత్నం గారి దగ్గరికి వెళ్ళి, "క్షమించండమ్మా. మా మావయ్యకి గురి లేదు, బుద్ధీ లేదు" అన్నాను.

"పర్లేదు బాబూ" అని ఆవిడ మొహం తిప్పేసుకున్నారు. ఏడుపు ఆపుకుంటున్నారనుకున్నాను.

ఒకరోజు పళ్ళెం కానుగచెట్టు దాకా పోయింది. బసవపున్నయ్య గారు కర్ర పట్టుకుని వెళ్ళి దాన్ని తీసి, ఆ కొస నుంచి ఊపి విసిరితే అది బల్ల దాటి వచ్చి మావయ్య కాళ్ళ ముందు పడింది. విసిరిన ఆయన కూడా తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నారు. వెంటనే కోపం గుర్తొచ్చింది.

"ఇవాళ అటో ఇటో తేలిపోవాలి! కంప్లైంటిస్తాను!"

పార్కు సూపర్‌వైజరు అబ్రహాము గారి గది అవతలి గేటు దగ్గర. "ఆటో పిలవనా?" అన్నారు సుబ్బరత్నం గారు. "నా కంప్లైంటుకి ఆటో ఎందుకు?" అని ఆయన కర్ర టకటకలాడించుకుంటూ ట్రాక్ పొడుగునా నడిచారు. వెనక ఆవిడ, వెనక నేను, నా వెనక మావయ్య. పోలీసు కేసవుతుందేమోనని నేను హడిలిపోతుంటే, మావయ్య నా వీపు మీద గుద్దుతూ, "చూడరా, చూడు, ఎలా పోతున్నాడో చూడు" అని గుసగుసగా గంతులేస్తున్నాడు. మతి పోయిందనుకున్నాను.

ఇక్కడే ఎవరూ ఊహించనిది జరిగింది. అబ్రహాము గారు కొత్తగా వచ్చిన మనిషి. ఫిర్యాదు వస్తే పనిచెయ్యాలి కాబోలు అనుకునే రకం. వెంటనే పైవాళ్ళకి పంపారు. ఇంజనీరు వచ్చి కొలతలు తీసుకున్నాడు. బుట్టలు తొమ్మిదీ పీకెయ్యమని ఆర్డరొచ్చింది. ఆదివారం పొద్దున వాకింగు సంఘం మీటింగు, సభ్యులు సరేననగానే పీకుడు.

నాకు పండగలా ఉంది. ఆదివారం దాటితే నా మంచం నాది. మావయ్య మాత్రం ఆ వారమంతా ఇంట్లో ఎంత తిరిగాడంటే, అడ్డొస్తోందని అత్తయ్య డైనింగు టేబుల్ గోడకి చేర్చేసింది.

శనివారం పార్కుకి వెళ్తే బల్ల ఖాళీగా ఉంది. బసవపున్నయ్య గారు పామర్రులో గృహప్రవేశానికి వెళ్ళారట. నేను ఆ బల్ల మీద కూలబడ్డాను. మావయ్య ఐదో అరుగు ఎక్కి, ధ్యాస ఎక్కడో పెట్టుకుని, భుజం ఒకసారి వెనక్కి తిప్పి పళ్ళెం వదిలాడు. అది నా తల మీదుగా వెళ్ళి, కానుగచెట్టు దగ్గర వంపు తిరిగి, చెట్టుని చుట్టుకుని, అవతల ఘల్లుమంది. ఇంకోటి వదిలాడు. ఘల్లు. మూడోది. ఘల్లు.

నేను లేచి నిలబడ్డాను, ఎవరూ చెప్పకుండానే.

"మావయ్యా, ఇదేంటి?"

"ఏముంది? ఇవాళ ఆయన రాలేదుగా."

అనేసి నాలిక కరుచుకున్నాడు. నేను వదల్లేదు. ఆయన అటూ ఇటూ పచార్లు చేస్తూ చెప్పాడు.

"దోనె ఊగుతుంటే అనుకున్న చోట వల పరిచిన చెయ్యిరా ఇది. కదలకుండా ఉన్న నేల మీద పళ్ళెం వెయ్యలేనా? మొదట్లో చేతికి అలవాటు లేక ఆ దొడ్ల మీదా వాటి మీదా వేశాను గానీ, పది రోజుల్లో కుదిరింది. ఐదో నంబరు దగ్గర మటుకు కుదరనివ్వలా. ఆయనకి తెలీకుండా రోజుకి రవ్వంత దూరం జరుపుకుంటూ పోయా."

"నడవండి బాబూ అని నోటితో చెప్పొచ్చుగా?"

"చెప్తే నడిచాడా? పని లేకుండా అడుగెయ్యనన్నాడుగా. నన్ను తిట్టడం పనే కదరా."

ఆయన నిలబడకుండానే మళ్ళీ అన్నాడు: "మా నాన్నకీ ఇలాగే ఒక పక్క పడిపోయింది. లేస్తానంటే అందరం 'కూర్చో నాన్నా, కూర్చో' అన్నాం. ప్రేమగానే అన్నాంలే. పాపం, మా మాట విన్నాడు. ఇంక లేవలా."

ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చి నాకు కళ్ళు చెమర్చాయి. ఆయన మీద ఇంత ప్రేమ నాలో ఉందని నాకే తెలీదు.

"రేపు మీటింగులో నిజం చెప్పేద్దాం మావయ్యా. బుట్టలు పోతే ఆయన మళ్ళీ బల్లకి అతుక్కుపోతాడు."

"ఛస్తే చెప్పకు! జాలి పడ్డానని తెలిస్తే ఆ మనిషి ఈ జన్మకి లేవడు. బుట్టలు పోతే పోనీ, ఇంకేదో చూస్తా." కానీ ఆ ఇంకేదో ఏమిటో ఆయనకీ తెలీదని మొహమే చెబుతోంది.

ఆదివారం షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. గేటు దగ్గర లారీ అప్పుడే సిద్ధంగా ఉంది. అందరూ కూర్చున్నారు. మావయ్య వెనకాల తిరుగుతున్నాడు. రావమ్మ గారు బల్ల మీద కొట్టి, "నిశ్శబ్దం! బుట్టలు తీసెయ్యాలనే వాళ్ళు చేతులెత్తండి" అన్నారు.

చేతులు లేస్తుండగా కర్ర చప్పుడైంది. బసవపున్నయ్య గారు, కుర్చీ ఇస్తామంటే వద్దని, అందరి ముందుకి నడిచొచ్చి నిలబడ్డారు.

"కంప్లైంటిచ్చింది నేను. మాట్లాడాల్సింది నేను. ఈ కాశీరావు గారంత చేతకాని ఆటగాణ్ణి నేను చూళ్ళేదు. గురి లేదు, సిగ్గు లేదు, ఎదుటి మనిషి ప్రాణం మీద లెక్క లేదు." అలా చాలాసేపు సాగింది. మావయ్య తలొంచుకుని విన్నాడు. "అబ్రహాము గారూ, నేను సర్వీసంతా అర్జీల మధ్యే బతికాను. ఒక అర్జీ మీద ఇంత తొందరగా ఎవరైనా కదలడం నా కళ్ళతో చూళ్ళేదు. కదులుతారని తెలిస్తే ఇచ్చేవాణ్ణే కాదు. నేను వెనక్కి తీసుకుంటున్నా."

మావయ్య పచార్లు ఆగిపోయాయి.

"కుదరదు సార్" అన్నారు అబ్రహాము గారు ఇబ్బందిగా. "ఆర్డరైపోయింది, లారీ కూడా వచ్చేసింది. సంఘం వద్దంటే తప్ప నేనేం చెయ్యలేను."

"సరే అయితే. ఈ బుట్టలు వాస్తు చూసి పెట్టారా లేదా? నైరుతిలో బరువుండాలని ఒకటో బుట్ట అక్కడ పాతారు. ఇప్పుడది పీకితే నైరుతిలో గొయ్యి పడుతుంది. నైరుతిలో గొయ్యి పడితే చెడేది అధ్యక్షులకా, సభ్యులకా, చెయ్యెత్తినవాళ్ళకా, అదంతా నాకు తెలీదు. నేను సర్వేయర్ని. దిక్కులు మటుకే చెప్పగలను."

గాల్లో ఉన్న చేతులు ఒక్కొక్కటే దిగాయి. దించడానికి మొహమాటపడ్డవాళ్ళు తల గోక్కున్నారు. రావమ్మ గారు తన చేత్తో జడలో పూలు సర్దుకున్నారు.

"నేను చర్చికి వెళ్ళేవాణ్ణండీ. నాకు ఈ పట్టింపులు లేవు" అన్నారు అబ్రహాము గారు.

"నాకున్నాయండీ" అన్నాడు లారీ డ్రైవరు వెనక నుంచి. పసుపు రాసిన బుట్టకేసి చూసి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, వెళ్ళి లారీ స్టార్టు చేశాడు. సభ్యులు ఒప్పుకోలేదని రాసుకుని అబ్రహాము గారు కూడా లేచారు. నిజం చెప్పొద్దూ, ఆయన మొహంలో కాస్త సంతోషమే కనపడింది.

జనం వెళ్ళిపోయాక ఐదో నంబరు బల్ల దగ్గర మేం నలుగురం మిగిలాం. బసవపున్నయ్య గారే మొదలుపెట్టారు.

"కాశీరావు గారూ, మా పామర్రుకి చేపలు ఎక్కణ్ణుంచి వస్తాయనుకున్నారు? కొల్లేట్లో వల విసిరే భుజం ఎలా తిరుగుతుందో చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. అదొకటి. మీ పళ్ళేలు పడ్డ చోట్లన్నీ తాడు పట్టి కొలిచినట్టు ఒకే గీత మీద ఉన్నాయి. గీత ఎటు పోతోందా అని చూస్తే, చివర ఆ కానుగచెట్టు. మా ఆవిడ రోజూ రమ్మని పోరే చెట్టు."

"ఎప్పుడు కనిపెట్టారు?" అన్నాడు మావయ్య నీరసంగా.

"మొదటి వారంలోనే."

"మరి అన్ని తిట్లు తిట్టారు?"

"మీరు అంత కష్టపడి తప్పు విసురుతుంటే, నేను తిట్టకపోతే ఏం మర్యాదండీ?"

సుబ్బరత్నం గారు మొహం తిప్పుకున్నారు. ఈసారి భుజాలు కదలడం చూశాను. ఆవిడ మొదట్నుంచీ ఆపుకుంటున్నది ఏడుపు కాదు.

బసవపున్నయ్య గారు మావయ్య దగ్గరగా వచ్చి, చాలా ముఖ్యమైన సంగతేదో ఉన్నట్టు మొహం పెట్టి, గొంతు తగ్గించి, "ఒకసారి కూర్చోండి, చెప్తా" అన్నారు.

మావయ్య నాకేసి చూశాడు. బల్లకేసి చూశాడు. కూర్చున్నాడు.

"చెప్పండి."

"ఏం లేదు. కూర్చున్నారుగా."

నేను వెంటనే ఫోను తీశాను. "అత్తయ్యా, పార్కులో మావయ్య కూర్చున్నాడు!"

"అయ్యో, ఏమైందిరా?" అని అటునుంచి కేక. "అంబులెన్సు పిలిచావా?"

ఆవిడకి సర్దిచెప్పి ఫోను పెట్టేసేసరికి బసవపున్నయ్య గారు నా సంచీలోంచి ఒక పళ్ళెం తీసుకుని, కర్ర సాయంతో ఐదో అరుగు ఎక్కారు. బల్ల మీద మావయ్య రెండు మోకాళ్ళూ వణుకుతున్నాయి. మర్యాద కోసం కూర్చున్నాడు గానీ, లేవడానికి కారణం దొరక్క చెమటలు పడుతున్నాయి. బసవపున్నయ్య గారు ఆ మోకాళ్ళకేసి ఒకసారి చూసి, కుడిచేత్తో పళ్ళెం విసిరారు. అది బుట్టకేసి పోలేదు. బల్లకి కాస్త అవతల, కూర్చున్నవాడికి అందీ అందనంత దూరంలో గడ్డిలో పడింది.

"కోర్సు తప్పండీ" అన్నారు ఆయన అరుగు మీంచి. "కాస్త అందిస్తారా?"

మావయ్య ఒక్క గంతులో లేచాడు.